నీళ్ళు మోసేవాడి ఒట్టు

హిల్కీయా భుజాన నిండు నీళ్ళతిత్తి ఉంది. నాలుక మాత్రం అంగిట్లో అతుక్కుపోయింది.

సిలోయము కోనేటి నుంచి మిట్టెక్కి, యెరూషలేము పైవీధుల్లో ఇంటింటికీ నీళ్ళు పోయడం అతని పని. పండుగకు వచ్చిన జనం ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. ఎండ మండిపోతోంది. ఎవరు పిలిచినా తిత్తి మూతి విప్పి కుండ నింపుతున్నాడు. చేతి మీద చిందిన చుక్కను కూడా నాకకుండా అంగీకి తుడిచేస్తున్నాడు. అతను రొట్టె ముక్క ముట్టి, గుక్కెడు నీళ్ళు తాగి ఇది మూడో రోజు. పస్తు ఎవరికైనా కష్టమే. నీళ్ళు మోసేవాడికి దాహం గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఒక గుమ్మం ముందు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆ ఇంటివాళ్ళే మోసుకొచ్చి ఇంట్లో దింపారు.

భార్య షెలోమీతు గిన్నె తెచ్చి నోటి దగ్గర పెట్టింది. అతను పళ్ళు బిగించాడు.

"తాగవయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒట్టేశానే."

"ఎవడు వెయ్యమన్నాడు? నేను ఒట్టేస్తే మొగుణ్ణంటూ ఒక్క మాటతో కొట్టిపారేస్తావు. నువ్వేసిన ఒట్టుకి నేను గుడ్లప్పగించి చూస్తూ కూర్చోవాలా? ఎక్కడి ధర్మమయ్యా ఇది!"

ధర్మం అలాగే ఉంది మరి. పెళ్ళాం ఒట్టును మొగుడు రద్దు చేయవచ్చు. మొగుడి ఒట్టు తెగాలంటే ముగ్గురు పెద్దల ముందు నిలబడాలి.

ఆ ఒట్టు సంగతి ఈపాటికి ఊరంతా తెలిసిపోయింది. నజరేయుడైన యేసు చచ్చి లేచాడనీ, రావలసిన క్రీస్తు ఆయనేననీ ఊరూరా చాటుతున్న గుడారాల పనివాడు ఒకడున్నాడు. సున్నతి లేని అన్యజనులను కూడా పక్కన కూర్చోబెట్టుకుని తింటాడని అతనంటే కొందరికి కడుపుమంట. దేవాలయం దగ్గర జనం అతన్ని చావగొడుతుంటే రోమా సైనికులు లాక్కెళ్ళి కోటలో పెట్టారు. విచారణ పేరు చెప్పి కిందికి రప్పించి దారిలో పొడిచేయాలని నలభై మందికి పైగా చేతులు కలిపారు. వాణ్ణి చంపేదాకా తినం, తాగం, తప్పితే దేవుడి శాపం మా నెత్తిన పడాలి అన్నారు. ఒట్లు వేసేటప్పుడు అందరి కడుపులూ నిండే ఉంటాయి, వచ్చిన చిక్కల్లా అక్కడే.

ఆ గుంపుకు పెద్ద ఫీనెహాసు. అతను చెయ్యెత్తమంటే ఎత్తనని చెప్పే మొనగాడు ఆ వీధిలో లేడు. హిల్కీయా కూడా ఎత్తాడు.

తీరా చూస్తే ఆ రాత్రే గుర్రపు దళాన్ని తోడిచ్చి ఖైదీని కైసరయ పట్నానికి దాటించేశారు. పన్నాగం ఎలాగో ఊళ్ళోనే ఉన్న అతని మేనల్లుడి చెవిన పడిందట. వాడు కోటకు పరుగెత్తి చెప్పేశాడట. ఇక ఆ మనిషిని చంపడానికి లేదు, చంపకుండా నీళ్ళు తాగడానికి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మిట్టమధ్యాహ్నం ఫీనెహాసే స్వయంగా వచ్చాడు. గడ్డానికి నూనె పట్టించుకున్నాడు, వంటి నుంచి వెల్లుల్లి వాసన వస్తోంది.

"ఏరా తమ్ముడూ, ఇంకా పంతమేనా? మేమంతా నిన్ననే పెద్దల దగ్గరికి పోయి ఒట్టు తెంపుకున్నాం. 'ఇలా అవుతుందని తెలిస్తే ఒట్టేసేవాళ్ళా' అన్నారు, లేదన్నాం. 'మీలో ఎవరి వల్లా వాడు తప్పించుకోలేదు కదా, దేవుడి పేర చెప్పండి' అన్నారు, చెప్పాం. పొండి, తినండి అన్నారు. అంతేరా! లే, నేనే మోసుకుపోతా నిన్ను."

"నేను రానన్నా."

"చచ్చిపోతావురా!"

"పోనీ."

హిల్కీయా గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఫీనెహాసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశావా అమ్మా నీ మొగుణ్ణి? మేం ఒక్క రోజుకే పెద్దల కాళ్ళ మీద పడ్డాం. ఇలాంటివాళ్ళు పదిమందుంటే ఆ గుడారాలోడు నా కత్తి దాటిపోయేవాడా? ఏ ఇంటి ఆడది నోరు జారిందో గానీ, దొరికిన రోజున ఆ ఇంట్లో ఎవర్నీ మిగల్చను."

షెలోమీతు చూపు దించుకుని గిన్నె కింద పెట్టేసింది. ఫీనెహాసు వంగి హిల్కీయా నుదురు ముద్దుపెట్టుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు గడియ పెట్టింది. భర్త పక్కన చతికిలబడి గొల్లుమంది. భయం, కోపం, ప్రేమ అన్నీ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"ఒట్టు వేయించినవాడే కడుపారా తిని తిరుగుతున్నాడు. నీకేం వచ్చింది? పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటావేంటయ్యా! నన్ను ముండమోపిని చేస్తే ఆ దేవుడికేం ఒరుగుతుంది? పెద్దల ముందు ఒక్క ముక్క చెప్పి రావడానికి నీకేం అడ్డం?"

హిల్కీయా ఇటు తిరిగాడు. పగిలిన పెదవులు కదిలాయి. మాట వినబడక ఆమె చెవి అతని నోటి దగ్గర పెట్టింది.

"ఆ మేనల్లుడి ఇంట్లో నీళ్ళు పోస్తూ, కత్తుల సంగతి వాడి చెవిన వేసింది నేనేనే."