సీటు కింద నంబరు

చెల్లెలు తడిగుడ్డ పిండి కారు బానెట్ తుడుస్తోంది. రోజూ పొద్దున్నే ఆ పని ఆమెదే. ఎవరూ చెప్పలేదు, తనే నెత్తిన వేసుకుంది.

ఇలాంటి పాతకాలం కారే ఒకప్పుడు నాన్నకి ఉండేది. దాన్ని కూతురికే ఇస్తానని అందరి ముందూ అనేవాడు. ఓ రాత్రి షెడ్డుకి తాళం వేశాననే ఆమెకి గుర్తు. తెల్లారి చూస్తే తాళం తీసి ఉంది, కారు లేదు. పోలీసుల చుట్టూ తిరిగి చెప్పీ చెప్పీ ఆ కారు చట్రం నంబరు కూడా ఆమెకి నోటికి వచ్చేసింది. నాన్న ఆమెని తిట్టలేదు. పోయేదాకా మాట్లాడలేదు, అంతే.

ఆయన పోయాక అన్నయ్య ఎక్కడో దూరాన వెతికి అదే రకం కారు కొనుక్కొచ్చాడు. రంగు వేరు. ఇంటికి ఎవరొచ్చినా అమ్మది ఒకటే మాట.

"దీని చేత్తో పోయింది, వాడి చేత్తో తిరిగొచ్చింది."

ఇవాళ పాతకార్ల సంఘం నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. ఆయన సరేనంటే కారు ప్రదర్శనకి వెళ్తుంది. ఇంజను పక్కన చెల్లెలు రోజూ తుడిచే రేకు మీది నంబరు పైకి చదివి తలూపాడు. కంపెనీ రికార్డు ప్రకారం అదే నంబరు వెనక సీటు కింద చట్రం మీద కూడా కొట్టి ఉండాలట. రేకు ఎవడైనా మారుస్తాడు, చట్రం జోలికి మాత్రం ఎవరూ పోరట.

చెల్లెలికి గుబులు పుట్టింది. అన్నయ్యకి ఎవరైనా దొంగసరుకు అంటగట్టలేదు కదా?

సీటు కొత్తగా కుట్టించానని, ఇంకోరోజు చూద్దామని అన్నయ్య నసిగాడు. ఈలోగా ఆయనే సీటు ఎత్తేశాడు. కానీ వంగలేకపోయాడు.

"నా పొట్ట ఒప్పుకోవడం లేదమ్మా. నువ్వు చూసి చదువు."

ఆమె టార్చి పట్టుకుని ఆ సందులోకి దూరింది. గుడ్డతో మట్టి తుడిచింది.

"ఏమ్మా, అక్కడే నిద్రపోయావా?"

గుమ్మంలో కూర్చున్న అమ్మ నవ్వింది. "దానికి ఏ పనైనా నిదానమేనండీ."

ఆమె ఒక్కో అంకె చదివింది. ఆయన రేకుతో సరిచూసుకుని అన్నయ్య చెయ్యి పట్టుకుని ఊపాడు.

"అసలు సిసలు సరుకు. అదృష్టవంతుడివయ్యా."

అన్నయ్య గబగబా సీటు దించేశాడు. చెల్లెలి వంక చూడలేదు. మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవారోనని అమ్మ కళ్ళు ఒత్తుకుంది.

చెల్లెలు గుడ్డ ఉతికి తీగ మీద ఆరేసింది. లోపలికెళ్ళి సంచీ సర్దుకుని వచ్చింది.

"ఎక్కడికే?" అంది అమ్మ.

ఆమె చెప్పులు వేసుకుని గేటు దాటి వెళ్ళిపోయింది.

ఆమె పైకి చదివింది రేకు మీది నంబరు. సీటు కింద ఉన్నది నాన్న కారు నంబరు.