సైగల స్కోరు

వరంగల్‌లో ఇప్పుడు కుర్రకారు గ్యాంగు కడుతున్నారేమోనని చూసి నూటికి ఇంతని గ్యాంగు స్కోరు వేసేది వీధి కెమెరాలే. ఎనభై దాటితే కాలేజీ సీటు పోయినట్టే. ఆ ఉదయం హెడ్ కానిస్టేబుల్ సమ్మక్క ఫోనుకు ఏడుగురి పేర్లు వచ్చాయి. రోజూ ఒకేచోట చేరుతున్నారు, చేతులతో సైగలు చేసుకుంటున్నారు. స్కోరు ఎనభై ఆరు. ఆ స్కోరును ఖాయం చేస్తూ సాయంత్రంలోగా ఆమె సంతకం పెట్టాలి.

సమ్మక్క సంతకం పెట్టకుండా బండి తీసింది. కాలనీ వాటర్ ట్యాంకు కింద ఏడుగురూ కనిపించారు.

"ఆ సైగలేంది బిడ్డా?" అని వాళ్లలో హారిక అనే అమ్మాయిని అడిగింది.

"మా ప్రణీత్‌కు చెవులు వినబడయి మేడం. వానితోని మాట్లాడనీకి నేర్చుకుంటున్నం."

సమ్మక్క అరగంట అక్కడే కూర్చుంది. 'పోలీసు' అని సైగతో ఎలా చెప్పాలో ప్రణీత్ ఆమెకు నేర్పాడు. ఆమె తప్పు చేస్తే నవ్వాడు.

స్టేషన్‌కు తిరిగొచ్చి, స్కోరు రద్దు చేసే కాగితం అడిగింది.

"రేపు వాళ్లేమన్న చేస్తే ఎట్లక్కా?" అన్నాడు ఎస్సై.

"నన్నడుగుండ్రి సార్. నేను పొయ్యి చూసిన."

పూచీ ఎవరిదన్నచోట ఆమె తన పేరు స్పష్టంగా రాసింది.

మర్నాడు ఎస్సై ఇంకో పదకొండు పేర్లు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వీళ్లను గూడ ఓసారి చూసి రా అక్కా" అన్నాడు.