తుమ్ము

“నా వల్ల కాదురా. నువ్వే గీసెయ్.”

బార్బరు కత్తిని బావమరిది చేతిలో పెట్టబోయాడు. బావమరిది చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

“ఎన్నాళ్ళు బావా ఇలా? డాక్టర్లు పని చేసుకోమన్నారు. అక్క చేసుకోమంది. ఆయన కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. నేనలా వెళ్ళి బ్లేడ్లు పట్టుకొస్తా.”

“ఒరేయ్, డ్రాయర్ నిండా బ్లేడ్లే ఉన్నాయిరా!”

వాడు వినిపించుకుంటేగా! చెప్పులు వేసుకుని చక్కా పోయాడు.

షాపులో ఇద్దరే మిగిలారు. కుర్చీలో ఉన్న పెద్దమనిషికి నెల్లాళ్ళ గడ్డం ఉంది. ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కున్నాడు. జుట్టు జోలికి పోవద్దు, గడ్డం ఒక్కటీ నున్నగా తీసేస్తే చాలన్నాడు.

బార్బరుకి చెమటలు పట్టాయి. గుండె ఆపరేషన్ తర్వాత కత్తి పట్టడం ఇదే మొదలు. ఛాతీ ఎముకను నిలువునా కోసి, లోపల చెయ్యాల్సింది చేసి, మళ్ళీ ఎముకను స్టీలు తీగలతో బిగించారు. ఎముక అతుక్కుపోయిందని వెళ్ళిన ప్రతిసారీ చెబుతూనే ఉన్నారు. చెబితే మాత్రం నమ్మకం కుదరొద్దూ? చెయ్యెత్తితే ఒక తీగ తెగుతుందేమో, దగ్గితే ఇంకోటి తెగుతుందేమో. ఇక తుమ్మితే చెప్పేదేముంది, ఛాతీ మొత్తం సంచీ జిప్పులా తెరుచుకుంటుంది. అందుకే ఎక్కడికెళ్ళినా ఒక చిన్న దిండు వెంటబెట్టుకు తిరుగుతున్నాడు, తుమ్మొస్తే గుండెకు అదుముకోవడానికి. ఈ వయసులో పసిపిల్లాణ్ణి ఎత్తుకు తిరుగుతున్నారేమిటని భార్య నవ్వినా వదల్లేదు. పౌడరూ, గాల్లో ఎగిరే వెంట్రుకలూ ఉండే ఈ షాపు తుమ్ములకు పుట్టిల్లు. అదీ అతని భయం.

“చెయ్యి వణుకుతోందండీ” అన్నాడు దాచకుండా. “ఇంకో షాపుకి వెళ్ళండి. మీ గొంతు మీద నా ప్రయోగాలెందుకు?”

“మీకోసమే వచ్చాను. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు? రేపు నాకూ అదే ఆపరేషన్. గొంతులో గొట్టం వేస్తారుగా, గడ్డం తీసేయించుకోమన్నారు.”

బార్బరు అప్పుడు చూశాడు. పెద్దమనిషి చేతులు కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఎందుకో కాస్త ఊరట కలిగింది. దిండు అద్దం ముందు పెట్టి, బ్రష్షు తడిపి నురగ పట్టించడం మొదలుపెట్టాడు.

“కోత సంగతి వద్దు. తర్వాతి సంగతి చెప్పండి” అన్నాడు పెద్దమనిషి. “నిజం చెప్పండి. ఇంట్లో అందరూ ఏం కాదు, ఏం కాదంటున్నారు. ఏం కానిదానికి అంతమంది ఎందుకేడుస్తున్నారో అర్థం కావడం లేదు.”

ధైర్యం చెప్పాలనుకున్నాడు బార్బరు. నోటికి అబద్ధం రాలేదు.

“నొప్పి తగ్గుతుందండీ. భయమే తగ్గదు. పడుకుంటే గుండె చప్పుడు వినిపిస్తుంది. వినిపిస్తే, ఎందుకింత గట్టిగా కొట్టుకుంటోందని భయం. వినిపించకపోతే ఆగిపోయిందేమోనని భయం. మా మనవరాలు పరిగెత్తుకుంటూ మీదికొస్తే ఎత్తుకోవాల్సింది పోయి చేతులు అడ్డం పెట్టాను. అదిప్పుడు నా దగ్గరికే రావడం లేదు.”

ఆ మాటల్లో పడి చెయ్యి ఆపడం మరిచాడు. చెంపల మీద, కళ్ళ కింది దాకా, అక్కర్లేనంత నురగ పట్టించేశాడు.

“ఇలా నాతో ఎవరూ చెప్పలేదు” అన్నాడు పెద్దమనిషి మెల్లగా.

“మీరెవరినైనా అడిగారా?”

“లేదు.”

బార్బరు ఊపిరి బిగబట్టి, చెవి కింద చర్మాన్ని బొటనవేలితో లాగిపట్టి కత్తి ఆనించాడు. ఒక్క గీత దిగింది. చెయ్యి నిలబడింది! పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. రెండో గీతకు కత్తి గొంతు దగ్గరికి తెచ్చాడు.

సరిగ్గా అప్పుడే ముక్కులో గిలి పుట్టింది.

కత్తి వదిలేసి వెనక్కి గెంతాడు. దిండు? అద్దం ముందుంది, కుర్చీకి అవతల. అందదు. పెదవి కొరుక్కున్నాడు, ముక్కు మూసుకున్నాడు. తుమ్ము ఆగేలా లేదు. అయిపోయింది, ఇంతటితో సరి అనుకున్నాడు. మనవరాలి మొహం కళ్ళ ముందు మెదిలింది.

పెద్దమనిషి ఒక్క ఉదుటున లేచాడు. దిండు లాక్కుని బార్బరు ఛాతీకి ఆనించి, చెయ్యి మీద చెయ్యేసి, ఎముక మీద సరిగ్గా నడిమధ్యన అదిమిపట్టాడు.

“ఆపుకోవద్దు. తుమ్మండి!”

“తీగలు... తెగిపోతాయి...”

“తెగవు. తుమ్మండంటున్నానా!”

తుమ్మాడు. అద్దం ముందున్న పౌడరంతా లేచింది. ఆ వెంటనే ఇంకోటి వచ్చింది, అదీ తుమ్మాడు. తర్వాత భయంభయంగా చొక్కాలోకి చెయ్యి పెట్టి తడుముకున్నాడు. ఎముక ఎక్కడిదక్కడే ఉంది. గుండె కొట్టుకుంటోంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“తెగవని అంత ఖాయంగా ఎలా చెప్పారండీ?”

అడుగుతూ తలెత్తి చూశాడు. కనుబొమల దాకా టోపీ. కళ్ళ కింది దాకా తెల్లటి నురగ. మధ్యలో రెండు కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళను ఒకే ఒక్కసారి ఇలాగే టోపీకీ మాస్కుకీ మధ్య చూశాడు, ఆపరేషన్ బల్ల మీద, మత్తు కమ్మేముందు. ఆ తర్వాత వార్డులోకి చిన్న డాక్టర్లే వచ్చేవారు తప్ప ఆయన రాలేదు.

“డాక్టరుగారూ... మీరా?”

ఆయన దిండు వదల్లేదు. దాన్ని తన గుండెకే అదుముకుని మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు.

“మీ తీగలు బిగించింది నేనే, తెగవు. నా భయమల్లా, రేపు నాకు బిగించేవాడికి సరిగ్గా నేర్పానో లేదోనని.”