మంద దిగని ఊరు

"నేనేం చూడలే సార్. చీకటుండె. ఏం కనవడలే."

గద్వాల కోర్టు బోనులో కురుమయ్య చెప్పింది అంతే.

పోలీసుల ముందు మాత్రం అంతా చెప్పాడు. తుంగభద్ర ఒడ్డున ఇసుక ట్రాక్టర్‌కు మల్లయ్య అడ్డం నిలబడటం, ఇసుక దందా చేసే నరేందర్ దాన్ని అతని మీదికే తోలి చంపడం. రాయచూరు దిక్కు నుంచి వచ్చిన ముసలి గొర్రెల కాపరి కురుమయ్య. ఆ తెల్లవారుజామున అతని మంద ఒడ్డు పక్కనున్న మల్లయ్య చేనులోనే దిగి ఉంది. చూసినవాడు అతనొక్కడే.

కేసు కొట్టేశారు. నరేందర్ నవ్వుకుంటూ కారెక్కాడు.

గేటు దగ్గర మల్లయ్య భార్య హన్మమ్మ కురుమయ్యకు అడ్డం పడింది.

"నా మొగని చేన్ల మంద వెట్టి, నా చేతి అంబలి తాగితివి గదరా! ఎంతకు అమ్ముకుంటివి?"

కురుమయ్య ఆమెను చూడలేదు. ఆమె పక్కన నిలబడ్డ కొడుకు విజయ్‌ని చూశాడు.

విజయ్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"తప్పయింది తంగీ."

చెల్లెలిని వాళ్ల దిక్కు అలాగే పిలుస్తారు.

"గట్ల పిలువకు! నాలిక తెగి పడుతది."

పిడికెడు మన్ను తీసి అతని మొహాన కొట్టింది. కురుమయ్య తలపాగ కొసతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

ఎండాకాలం వస్తే మానవపాడు దిక్కు రైతులు మంద కోసం పోటీ పడతారు. గొర్రెలు పడుకున్న చేనుకు వేరే ఎరువు అక్కర్లేదు. కాపరికి గింజలిచ్చి, అన్నం పెట్టి మరీ పిలుచుకుంటారు.

ఆ ఏడు కురుమయ్యను ఎవరూ పిలవలేదు.

"సాక్ష్యం అమ్ముకున్నోని గొర్లు పండుకుంటే చేను పచ్చగుంటదా?" హన్మమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

ఒక మిట్టమధ్యాహ్నం అతను ఆమె బోరు దగ్గరికే వచ్చాడు. మంద సగమైపోయింది.

"నాకొద్దు తంగీ. మూగజీవాలకు జర నీళ్లిడువు."

హన్మమ్మ మోటరు బంద్ చేసింది.

వారానికి కబురొచ్చింది. అయిజ బాటలో వడదెబ్బకు కురుమయ్య పోయాడు.

"నా మన్ను తగిలింది," అంది హన్మమ్మ.

దసరాకు విజయ్ కొత్త ట్రాక్టర్ తెచ్చాడు. తోలుకొచ్చిన డ్రైవర్ రాఘవేందర్ అప్పటికే కల్లు పట్టించి ఉన్నాడు.

హన్మమ్మ ఇంజన్‌కు పసుపు కుంకుమ పెట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది.

"సాక్ష్యం అమ్ముకున్నోడు మట్ల గలిసిండు. మాకు దేవుడు గిట్ల ఇచ్చిండు."

రాఘవేందర్ పకపకా నవ్వాడు.

"ఎవరమ్ముకున్నరు పెద్దమ్మా? మొన్నటిదాక నేను నరేందర్ సేటు దగ్గరున్నోన్నే. ముసలోన్ని కొట్టినం. గొర్లు గుంజుకపోతమన్నం. అయినా కోర్టుల చెప్పి తీర్త అన్నడు."

"రాఘవా, బండెక్కు!" విజయ్ అరిచాడు.

"ఆగన్నా, నీ తెలివే చెప్తున్న. ఈ ట్రాక్టర్ ఇయ్యాలని సేటు దగ్గర మాట తీసుకోని, విజయన్ననే పోయి ముసలోని కాళ్లు పట్టుకుండు. 'నువ్వు సాక్ష్యం చెప్తే నన్ను సంపుతరు మామా' అని ఏడ్చిండు. నేను పక్కనే ఉన్న."

హన్మమ్మ చేతిలో కొబ్బరికాయ అలాగే ఉండిపోయింది.

"పిచ్చి ముసలోడు, నిజమే అనుకుండు పెద్దమ్మా. 'మీ అమ్మకు నువ్వొక్కనివే పిలగా, నువ్వు బెదిరినవని ఆమెకు తెల్వనియ్యకు, దుమ్మెత్తి పోస్తే నా మీదనే పోయనీ' అన్నడు."