సగం తిన్న కేకు

హైవే పక్క హోటల్లోకి ఆటగాళ్ళు బిలబిలమంటూ దిగారు. మూల బల్ల దగ్గర ఒక్కడే కూచుని కేకు తింటున్న మనిషి, సగంలో వదిలేసి లేచాడు.

"ఎవడ్రా ఆ ముసలాడు? మనల్ని చూసి పారిపోతున్నాడు" అన్నాడు జట్టులో కొత్తగా చేరినవాడు.

"అంపైర్ హార్లన్. ఆటగాళ్ళున్న చోట వాళ్ళు తినకూడదు" అన్నాడు డెల్విన్. "ఒక్కడే కేకు కోసుకున్నాడంటే పుట్టినరోజేమో. పిలిస్తే మాత్రం ఎవడొస్తాడు?"

అందరూ నవ్వారు. హార్లన్ తలుపు దగ్గర టోపీ సర్దుకుంటుంటే, పక్కనే డెల్విన్ తన తల్లికి ఫోను చేశాడు.

"అమ్మా, ఇవాళ నన్ను చూడ్డానికి పైనుంచి మనుషులొస్తున్నారు. తొమ్మిదేళ్ళయిందే. ఈసారి షోకి పోకపోతే ఇంటికొచ్చేస్తా."

బేస్‌బాల్‌లో పెద్ద లీగుకి ఆటగాళ్ళూ అంపైర్లూ పెట్టుకున్న పేరు షో. చిన్న ఊళ్ళ మధ్య బస్సుల్లో నడుములు విరగ్గొట్టుకునేది దానికోసమే.

ఆ సాయంత్రం డెల్విన్ రెండుసార్లు బంతిని గోడ దాటించాడు. ఆఖరి వంతులో, దూరంగా పోతోందని ఒక బంతిని కొట్టకుండా వదిలేస్తే, అది అందేంతలోనే వచ్చిందని హార్లన్ అవుటిచ్చాడు.

ఆట అయ్యాక, అంపైర్ల గది ముందు నడవలో డెల్విన్ ఆయనకి అడ్డం నిలబడ్డాడు. చుట్టూ ఎవరూ లేరు.

"ఆ గుడ్డికళ్ళతో నువ్వు ఈ జన్మలో షోకి పోవు."

"బంతి సరిగ్గానే పడింది బాబూ. ఇంటికెళ్ళు."

డెల్విన్ ఒక్క తోపు తోశాడు. హార్లన్ గచ్చు మీద పడ్డాడు.

అంపైర్ మీద చెయ్యేస్తే ఇక షో మాట మరిచిపోవాల్సిందే.

చప్పుడు విని తోటి అంపైర్ టకర్ బయటికొచ్చాడు. "ఏమైంది సార్?"

హార్లన్ డెల్విన్ వంక చూశాడు.

"నేల తడిగా ఉంటే జారాను. ఈ అబ్బాయి లేపడానికొచ్చాడు."

నెల తిరిగేసరికి డెల్విన్ షోలో ఉన్నాడు. నలభై వేలమంది ముందు మొదటిసారి బ్యాటు పట్టుకుని వచ్చి చూస్తే, అంపైరుగా నిలబడింది టకర్.

"హార్లన్ గారెలా ఉన్నారు? ఆయనకి ఒక మాట చెప్పుకోవాలి."

"ఎక్కడున్నారో తెలీదు. మోచెయ్యి ముక్కలైంది. పని మానేసి వెళ్ళిపోయారు. నా అన్నవాళ్ళు కూడా లేరు పాపం."

అంతమంది కేకల మధ్య డెల్విన్‌కి తను ఒక్కడే ఉన్నట్టనిపించింది.

టకర్ వంగి, బ్యాటర్ ముందుండే తెల్లపలక మీది మట్టి దులిపాడు.

"నేను నిలబడ్డ ఈ చోటు ఆయనదే. ఇరవై ఏళ్ళు ఎదురుచూశాక ఆయనకి షో నుంచి పిలుపొచ్చింది, ఆ జారిపడ్డ రోజు పొద్దున్నే."