అరిగిన వేళ్లు

“ఇంకోమారు పెట్టవ్వా,” అన్నాడు వెంకన్న.

ముసలామె బొటనవేలిని కొంగుకు తుడుచుకొని మళ్లీ మిషను మీద ఆనించింది. మిషను ఎర్రలైటు వెలిగించి కీచుమంది. పంచాయతీ ఆఫీసు అరుగు మీద పింఛను కోసం వరుసగా కూర్చున్నవాళ్లు అంతవరకు ఒకటే ముచ్చట్లు. ఇప్పుడు అందరి కళ్లూ మిషను మీదే.

ఆ ఊరి పోస్టాఫీసు నడిపేదీ, నెలనెలా పింఛన్లు పంచేదీ వెంకన్నే. మామూలు రోజైతే ఇది రెండు నిమిషాల పని. వేలిముద్ర పడని ముసలివాళ్లకు ఆయన తన వేలు పెట్టి, ఈ మనిషి ఫలానా అని పూచీ పడితే సరిపోతుంది. కానీ ఇవాళ పక్కనే కుర్చీ వేసుకొని, జిల్లా నుంచి తనిఖీకి వచ్చిన అమరేందర్ సారు కూర్చున్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, సర్కారు ఇచ్చినా మిషను ఇవ్వదు, మిషను ఇచ్చినా సారు ఇవ్వాలి కదా!

“పేరేంది?” అడిగాడు సారు.

“పుష్పమ్మ సార్,” వెంకన్న అందుకున్నాడు.

“నిన్నడగలే. ఆమెను చెప్పనియ్యి.”

“పుష్పమ్మ,” అంది ముసలామె నేల చూస్తూ.

సారు రిజిస్టరు తిప్పాడు. “ఏడాది సంది ఈమెకు ఒక్క నెల గూడ వేలు వడలే. అన్ని నెలలు నీ వేలే. అంతకుముందు మంచిగనే పడ్డది. ఏంది కథ?”

“అరుగుడు సార్. చెప్పు తెగేది ఒక్కనాడే, అరిగేది ఏండ్ల సంది గదా.”

వెంకన్న జేబులోంచి నిమ్మచెక్క తీశాడు. ముసలామె పది వేళ్లకూ రుద్ది, గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే మిషను మీద పెట్టించాడు. పదిసార్లూ ఎర్రలైటే.

ముసలామె తన చేతులు తానే చూసుకుంది. “కరువొచ్చినప్పుడు గంజి కేంద్రం పెట్టిన్రు సారూ. ఊకెనే పోస్తరా? కంకర కొట్టినోళ్లకే గంజి. అక్కచెల్లెండ్లం ఇద్దరం పొద్దుగూకేదాక కొట్టినం. సర్కారు గంజి కోసమే గీ వేళ్లు అరిగినయి. ఇప్పుడు అదే సర్కారు వేలేదంటాంది.”

సారు గొంతు కొంచెం మెత్తబడింది. “మీ చెల్లెకు పింఛనొస్తదా?”

“గుర్వమ్మకా? ఇంటికొక్కటే అంటిరి గద సారూ. ఇద్దరికీ మొగలు లేరు, పిల్లలు లేరు. ఒక్క ఇంట్లనే ఉంటిమి. పెద్దదాన్నని నాకు రాసిన్రు. అది మూడుమాట్లు దరఖాస్తు పెట్టింది. కొత్తయి ఇంకా ఇస్తలేమన్నరు.”

“మరి ఎట్ల బతికిన్రు?”

“ఒక్క చిప్పల గంజి ఇద్దరం తాగుడు మాకు అలవాటే సారూ.”

“ఇప్పుడామె ఏడున్నది?”

ముసలామె వెంకన్న వైపు చూసింది. వెంకన్న నిమ్మచెక్కను చూస్తున్నాడు.

“లేదు సారూ. పోయినేడు పోయింది.”

వరుసలో వెనక కూర్చున్న ఇక్బాల్ బీ కొంగు నోట్లో కుక్కుకొని బోరుమంది. పక్కనామె “జర ఊకో,” అని మోచేత్తో పొడిచింది.

సారు కార్డు మీది ఫోటోను, ముసలామెను మార్చి మార్చి చూశాడు. “పోలికున్నది గని, జర వేరే కొడ్తాంది.”

“పండ్లున్నప్పటి ఫోటో అది సార్,” ఇక్బాల్ బీ కళ్లు తుడుచుకుంటూనే అరిచింది. “నా కార్డు చూడున్రి, నన్ను నేనే గుర్తుపట్ట!”

వరుసంతా నవ్వింది. సారు నవ్వలేదు.

“వేలు వడకుంటే పేరు తీసెయ్యమని ఆర్డరు. తియ్యొద్దంటే ఒక్కటే తొవ్వ. ఈమె పుష్పమ్మే, నాకెరుకే అని నువ్వు కాయితం రాసియ్యాలె. రేపు తప్పని తేలితే నీ నౌకరి పోతది, కేసయితది. పిల్లలున్నోనివి, ఆలోచన చేసుకో.”

ముసలామె గాభరాపడి లేవబోయింది. “వద్దు బిడ్డా, నా పేరు కొట్టేస్తే కొట్టేయనీ...”

“నువ్వు కూసోవ్వా,” అన్నాడు వెంకన్న కటువుగా. సారు వైపు తిరిగాడు. “మా అమ్మ వరి నాటుకు పోతే నన్ను సంకన ఏసుకొని సాదింది పుష్పమ్మ. ఆమె నాకెరుక లేదా సార్? ఇటియ్యున్రి కాయితం.”

రాశాడు. సంతకం పెట్టాడు. తేదీ వేసేటప్పుడు మాత్రం పెన్ను ఒక్క క్షణం ఆగింది. సారు ముద్ర గుద్ది, ఇంకో నాలుగు కార్డులు చూసి, నీళ్లు తాగి లేచాడు.

“మంచిపని జేసినవ్ వెంకన్నా. గీ ముసలోళ్ల కడుపు కొట్టి ఎవలం బాగుపడ్తం?”

జీపు కేతేపల్లి రోడ్డెక్కింది. అరుగు మీద మళ్లీ ముచ్చట్లు మొదలయ్యాయి. వెంకన్న మిషను మీద తన వేలు పెట్టాడు. పచ్చలైటు వెలిగింది. ముసలామె చేతిలో పింఛను పెట్టి, పిడికిలి మూశాడు.

“బిడ్డా, నీకేమన్నయితే...” ఆమె పిడికిలి మళ్లీ విప్పబోయింది.

“ఏం గాదు. ఫికర్ జెయ్యకు. ఇంటికి వోయి బువ్వ వండుకో.”

ఆమె కర్ర ఆనించుకుంటూ మెట్లు దిగింది. వెంకన్న తర్వాతి కార్డు అందుకున్నాడు.

పోయినేడు పుష్పమ్మ పాడెకు ముందు భుజం పట్టింది ఆయనే.