పెరటి కోట

పొక్లెయిన్‌కి అడ్డంగా రామమోహన్ గారు చేతులు చాచి నిలబడ్డారు.

“నా మీద నుంచి పోనివ్వండి గానీ ఈ దిబ్బని ముట్టుకోనివ్వను. ఇది ఏడువందల ఏళ్ళ నాటి కోట. పైన చదును, చుట్టూ కందకం!”

“అది వాననీళ్ళు పోయే కాలవ, మావయ్య గారూ,” అన్నాడు అల్లుడు గౌతమ్ ఏడుపు మొహంతో. “జాన్సన్‌విల్‌లో ఈ బండి దొరకడమే గగనం. ఇవాళ వదిలితే ఇక్కడ కట్టబోయే నా గరాజ్ గోవిందా.”

“అక్కడ మన దేశంలో, మా కృష్ణా జిల్లాలోనూ ఇలాగే చరిత్రంతా తవ్వి పారేశారు. తరవాత ఏడ్చి ఏం లాభం?”

డ్రైవర్ ఇంజను ఆపి, దిగి వచ్చి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పాడు. గౌతమ్ మొహం విప్పారింది.

“ఈ దిబ్బ పోసింది తనేనట! మేం ఈ ఇల్లు కొనకముందు, పక్కింటి పునాదులు తవ్విన మట్టి. ఎత్తుకెళ్ళాల్సిన లారీ రాలేదట.”

రామమోహన్ గారి చేతులు మెల్లగా దిగాయి. వాకింగ్‌కి వచ్చే తెలుగువాళ్ళందరికీ వారం నుంచీ ఈ కోట చూపిస్తున్నారాయన. రేపు వాళ్ళకి మొహం ఎలా చూపించాలి?

డ్రైవర్‌ని కిందనుంచి పైదాకా చూశారు. గబుక్కున వెళ్ళి అతని బురద చేతిని రెండు చేతులా పట్టుకున్నారు.

“ఫోటో తియ్యండి, అల్లుడు గారూ! లోకంలో ఇన్ని పాత దిబ్బలు తవ్వారు కదా, కట్టినవాడు ఎవరికైనా కనపడ్డాడా? నాకు కనపడ్డాడు!”